కోనసీమలో మెరక, పల్లం: స్థలాల చరిత్ర కొంత

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్యాసం రాసిమ్మని కార్యదర్శిగారు రెండుసార్లు ఫోను చేశారు. యాత్రా విశేషాలు, ఆరోగ్య సూత్రాలు, డి.ఏ. బకాయిల లెక్కలు రాసే మిత్రులు మనలో చాలామందే ఉన్నారు. నాకు వాటిలో ప్రవేశం లేదు. 1973లో చేరి 2008లో పదవీ విరమణ చేసేవరకు ముప్పై అయిదేళ్లు రిజిస్ట్రేషను శాఖలో గుమాస్తాగా కాలక్షేపం చేసినవాణ్ణి. చదివినవి దస్తావేజులు, రాసినవి దస్తావేజులు. కనుక ఆ కళ్లతో చూసిన కోనసీమ చరిత్రే కొంత మనవి చేస్తాను. రాజుల చరిత్ర కాదు, స్థలాల చరిత్ర.

మన పెద్దలు ఇల్లు ఎక్కడ కట్టుకున్నారో ఒకసారి గమనించండి. ఏ పాత అగ్రహారం చూసినా, ఏ పేట చూసినా చుట్టూ ఉన్న పొలం కన్నా రెండు మూడు అడుగుల మెరక మీద ఉంటుంది. మెరక ఇంటికి, దొడ్డికి, కొబ్బరికి. పల్లం వరికి. రెండింటికీ మధ్య పుంత. ఈ విభజన ఏ ప్రభుత్వమూ ఉత్తర్వు వేసి చేసింది కాదు. గౌతమికి, వశిష్ఠకు, నడుమ వైనతేయకు, దిగువన సముద్రానికి మధ్య చిక్కిన ఈ నేల మీద వాన కురిస్తే నీరు ఎటు పోతుందో తరతరాలుగా చూసినవాళ్లు చేసుకున్న ఏర్పాటు.

ధవళేశ్వరం ఆనకట్టను 1847లో మొదలుపెట్టి 1852 నాటికి పూర్తి చేసిన కాటన్ దొర, ఆయన కింది ఇంజనీర్లు చేసిన పని కూడా ఈ మెరక పల్లాల లెక్క మీద నడిచిందే. పంట కాలువను నేల వీపు మీదుగా, అంటే ఎత్తుగా ఉన్న చోట తవ్వారు. అప్పుడే నీరు రెండు వైపులా దిగి చేలకు పారుతుంది. చేలల్లో వాడిన నీరు, వాన నీరు పల్లానికి దిగి కోడుల్లోకి, మురుగు కాలువల్లోకి చేరి చివరికి సముద్రంలో పడాలి. చేతి మీద నరాలు చూసుకోండి. తెచ్చేవి వేరు, తీసుకుపోయేవి వేరు. తెచ్చే కాలువ గురించి మనవాళ్లు దండకాలు చదివారు, కాటన్ దొరకు సంకల్పంలో తర్పణాలు వదిలారు. తీసుకుపోయే మురుగు కాలువను తలచుకున్నవాడు లేడు.

వైనతేయకు పడమట ఉన్న భాగాన్ని ఇంగ్లీషు దొరల కాలంలో నగరం లంక అనేవారు. ఇప్పటి మామిడికుదురు మండలంలో ఉన్న నగరం గ్రామం పేరే మొత్తం ఆ దీవికి పేరయింది. పేరు నగరం, ఉన్నది పల్లెటూరు. ఈ దీవికి నీరు అందించడానికే గన్నవరం దగ్గర వైనతేయ మీద 49 ఖానాల అక్విడక్టు కట్టారు. దాన్ని కట్టించినవాడు హేగ్ అనే ఇంజనీరు. నది మీద నది పారినట్టు కాలువ పారుతుంటే మా చిన్నతనంలో నోరు తెరుచుకుని చూసేవాళ్లం. తర్వాతి కాలంలో కొత్త అక్విడక్టు వచ్చింది, అన్నదాత డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆ ఊరి పేరు నిలబెట్టిన తల్లి ఆవిడే కదా, ఉచితమైన పేరు. నగరం దగ్గరికి మళ్లీ వస్తాను.

నేను ఉద్యోగంలో చేరేనాటికి అమలాపురం కాలువ గట్టున పుట్టి, గట్టు వెంటే పెరిగిన పట్నం. ఎస్.కె.బి.ఆర్. కాలేజీ, కోర్టులు, తాలూకా కచేరీ, కొబ్బరి వర్తకుల కొట్లు, అంతే. దస్తావేజులన్నీ ఎకరాలు, సెంట్లలో వచ్చేవి. హద్దులు చదువుతుంటే ఊరు కళ్లకు కట్టేది. తూర్పు ఫలానావారి కొబ్బరి తోట, దక్షిణం మురుగు కోడు, పడమర సర్కారు పుంత, ఉత్తరం పంట బోదె. 1980 దాటాక గజాలు మొదలయ్యాయి. సెంటుకు 48.4 గజాలు. ఈ గుణకారం నేను నా జీవితంలో ఎన్ని వేలసార్లు చేసి ఉంటానో దేవుడికే తెలియాలి. ఎకరాలు సెంట్లలో అమ్ముడైన పొలం ఆర్నెల్లు తిరక్కుండా రెండు వందల గజాల ముక్కలై మళ్లీ మా బల్ల మీదికి వచ్చేది.

ఎందుకు వచ్చింది ఈ మార్పు అంటే ఒక కారణం కాదు. కువైట్, మస్కట్, దుబాయి వెళ్లిన పిల్లలు పంపిన డబ్బు ఒకటి. ఆ డబ్బుకు బ్యాంకు కన్నా భూమి మీద నమ్మకం ఎక్కువ. 1986 ఆగస్టు వరదలో లంక గ్రామాలు మునిగాక మెరక ఊళ్లకు, పట్నానికి తరలి వచ్చినవారు కొందరు. 1996 నవంబరు 6 తుఫాను సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు, ఆ రాత్రి గడిపినవాళ్లే మనం అందరం. కొబ్బరి చెట్టు మళ్లీ కాపుకు రావడానికి ఆరేడేళ్లు. ఆ లోపు నల్లి తెగులు వచ్చి పడింది. తోట నరికి ప్లాట్లు వేస్తే రేపే డబ్బు. తోటవాణ్ణి తప్పు పట్టడానికి నాకు నోరు రాదు.

తర్వాత వంతెనలు. పంటు మీద ఏరు దాటి యానాం వెళ్లినవాళ్లం, 2002లో యానాం ఎదుర్లంక వంతెన మీద బస్సులో కూచుని దాటాం. లోక్‌సభ స్పీకరుగా ఉండి ఆ ఏడాదే హెలికాప్టరు ప్రమాదంలో పోయిన బాలయోగిగారి పేరే ఆ వంతెనకు పెట్టారు. రాజోలు వైపు చించినాడ వంతెన. కోటిపల్లి నరసాపురం రైలు మార్గం 2000–01లో మంజూరయింది, సుమారు 57 కిలోమీటర్లు, అమలాపురం మీదుగా. కాకినాడ కోటిపల్లి లైను పట్టాలు రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పీక్కుపోతే 2004లో గాని మళ్లీ రైలు నడవలేదు. ఆ చరిత్ర తెలిసి కూడా మనవాళ్లు మంజూరైన మర్నాటి నుంచే స్టేషను ఎక్కడ వస్తుందో ఊహించి ప్లాట్లు కొనడం మొదలుపెట్టారు. బ్రోచర్లలో రైలు ఇంజను బొమ్మ ఉండేది. గౌతమిలో స్తంభాలు లేచాయి, ప్లాట్ల చేతులు నాలుగేసి సార్లు మారాయి.

పట్నం పెరిగింది మునిసిపాలిటీలో కాదు. 2011 జనాభా లెక్కల్లో మునిసిపాలిటీ జనం సుమారు 53 వేలే. పెరిగింది చుట్టూ పంచాయితీల్లో, ఈదరపల్లి, భట్నవిల్లి, బండారులంక, పేరూరు దారుల్లో. సరిహద్దు రాయి దాటితే పన్ను తక్కువ, అడిగేవాడూ తక్కువ. లేఅవుట్ వేయాలంటే పదో వంతు ఖాళీ స్థలం పంచాయితీకి దానపట్టా రాసివ్వాలి, రోడ్లకు వెడల్పు వదలాలి, టౌన్ ప్లానింగ్ శాఖ సాంకేతిక ఆమోదం ఉండాలి. 2002లో పంచాయితీల కోసం ప్రత్యేకంగా లేఅవుటు, భవన నిబంధనలు కూడా వచ్చాయి. 2006లో వ్యవసాయ భూమిని వ్యవసాయేతరానికి మార్చడానికి చట్టం వచ్చింది. నిబంధనలకు మనకు ఎన్నడూ కరువు లేదు. కానీ పెద్దపాటి లేఅవుట్లు చాలా వాటికి ఆమోదం ఉన్నది బ్రోచరులోనే. 2007 చివర ఒకసారి, 2020లో మరొకసారి క్రమబద్ధీకరణ పథకం పెట్టారు. రుసుము కట్టు, సక్రమం అయిపో. కాగితం సక్రమమైంది. జీవో చదివి నీరు దారి మార్చుకోదు గదా.

ఇక్కడ రిజిస్ట్రేషను ఆఫీసు సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇప్పటికీ చదువుకున్నవాళ్లు కూడా పొరపాటు పడుతుంటారు. "రిజిస్టరయింది కదండీ, ఇంకేం భయం" అంటారు. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం ప్రకారం మేము చూసేది రాసినవాడు రాయించుకున్నవాడు వాళ్లేనా, స్టాంపు సరిపోయిందా, సాక్షులున్నారా అని. నిషేధిత భూముల జాబితా వంటివి తర్వాత వచ్చి చేరాయి. అంతేగాని ఆ నేల ఇల్లు కట్టడానికి పనికివస్తుందా, అక్కడ నీరు నిలుస్తుందా అన్న ప్రశ్నకు మా ఫారాల్లో గడి లేదు. పొలానికి వెళ్లి చూసే బాధ్యత మాకు లేదు. వెళ్లి చూసినవాడు కరణం. 1984లో ఆ వ్యవస్థ రద్దయింది. కరణాల ఆగడాలు తక్కువేమీ కాదు, రద్దు కావలసిందే. కానీ ఏ నంబరులో ఏ మూల బోదె పోతుందో నోటి లెక్కగా చెప్పగల మనిషి కూడా ఆ దఫ్తరంతో పాటే వెళ్లిపోయాడు.

ఇప్పుడు నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. ఇన్నాళ్లూ ఇంట్లోవాళ్లకు తప్ప చెప్పలేదు.

కంప్యూటర్లు 1998 నవంబరులో గాని మా శాఖలోకి రాలేదు. అంతకు ముందు ప్రతి దస్తావేజును ఒకటో పుస్తకం వాల్యూములోకి చేత్తో ఎక్కించేవాళ్లం. అడుగున ఎక్కించినవారు, చదివినవారు, పోల్చినవారు అని ముగ్గురి పొట్టి సంతకాలు. 1987లో, మా జిల్లాలోనే ఒక ఆఫీసులో (ఏ ఊరు అన్నది ఇక్కడ అనవసరం), నాలుగెకరాల చిల్లర పల్లపు పొలం అమ్మకం దస్తావేజు నేను చదివాను. జత చేసిన లింకు దస్తావేజు 1961 నాటిది. అందులో దక్షిణం హద్దు "మురుగు కోడు" అని ఉంది. ఎదుట ఉన్న కొత్త దస్తావేజులో దక్షిణం హద్దు "పుంత" అని ఉంది. నాకు తేడా కనిపించింది. పక్క సీటులో సీనియరుగారితో అన్నాను. ఆయన కళ్లజోడు పైకి నెట్టి, "అబ్బాయ్, మనం రాసింది రాసినట్టు ఎక్కించేవాళ్లం. రాసినవాడు రాసుకున్నాడు" అన్నారు. నిబంధన ప్రకారం ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. చదివినవారు అన్నచోట సంతకం పెట్టాను.

ఆ పొలమే లేఅవుటైంది. 1991లో జి.పి.ఎఫ్. అడ్వాన్సు తీసి, మా ఇంటావిడ గాజులు రెండు తాకట్టు పెట్టి, అందులో రెండు వందల గజాలు నేనే కొన్నాను. చవకగా వచ్చింది. నా దస్తావేజులో దక్షిణం హద్దు "20 అడుగుల రోడ్డు". ముప్పై ఏళ్లలో కోడు పుంతయింది, పుంత రోడ్డయింది, అంతా దస్తావేజు లేఖరి కలంతోనే. నేల మీద కోడును బుసక పోసి పూడ్చి అడుగున ఒక సన్నపాటి తూము వేశారు. తెలిసి కొన్నావా అని మీరు అడుగుతారు. తెలిసే కొన్నాను. అందరూ కట్టుకుంటున్నారు, మనమూ మెరక చేసుకుందాం అనుకున్నాను. పునాది మూడడుగులు లేపాను. పక్కవాడు నాలుగడుగులు లేపాడు. ఆ తర్వాత రోడ్డు లేచింది. లేచినవాడి నీరు లేవనివాడి ఇంట్లోకి.

1996 తుఫానుకు నీరు ఎంత వచ్చిందో మా ఇంటావిడ వంటింటి గోడ మీద బొగ్గుతో గీత గీసింది. 2010లో ఇంకో గీత, 2013లో ఇంకోటి. సున్నాలు వేసేటప్పుడు ఆ గోడ వదిలేయమంది. ఇప్పుడు ఆవిడ లేదు, గీతలున్నాయి.

మా ఒక్క వీధి కథే అయితే మీ పేజీలు ఖర్చు చేయను. 1960లలోనే మిత్రా కమిటీ డెల్టాల మురుగు పారుదల గురించి సిఫారసులు చేసింది. తర్వాత డ్రైనేజీ సెస్సు వసూలు చేశారు. అయినా 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించారు. మద్దతు ధర, కూలి ఖర్చులతో పాటు వాళ్లు మొత్తుకున్నది పూడిపోయిన మురుగు కాలువల గురించే. మోహన్ కందా కమిటీ వచ్చి విచారించింది. కౌశిక మొదలు కూనవరం డ్రెయిను దాకా ఏ మురుగు కాలువ గట్టున నడిచినా విషయం అర్థమవుతుంది. గుర్రపు డెక్క, గట్టు మీద ఇళ్లు, ఎదురు తన్నే సముద్రపు పోటు. చేను మునిగితే పండించలేడు. పండించలేనివాడు అమ్ముతాడు. కొన్నవాడు మెరక చేస్తాడు. మెరక చేస్తే పక్క చేను మునుగుతుంది. వలయం పూర్తయింది.

పక్క ఊళ్లూ అంతే. 2015 డిసెంబరులో చెన్నై మునిగినప్పుడు చిత్తడి నేలల మీద కట్టిన కాలనీల పేర్లన్నీ పత్రికల్లో చదివాం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. అక్కడ మా మేనల్లుడి కుటుంబం మూడు రోజులు మేడ మీద గడిపింది. అమరావతికి 2015లో రైతులు సమీకరణలో భూములిస్తే, గీతలు గీసి కట్టదలచిన ఆ నగరానికి కూడా కొండవీటి వాగు నీటిని తోడి పోయడానికి ఎత్తిపోతల పథకం కట్టవలసి వచ్చింది. 1908 మూసీ వరద తర్వాత నిజాం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించాడు, జలాశయాలు కట్టించాడు, నగరాభివృద్ధికి బోర్డు పెట్టించాడు. వరద వచ్చి పోయాక ఆలోచించడం అనేది నిజాం కాలం నుంచి ఉన్నదే. ఆయన ఆలోచించాడు, అంతే తేడా.

ఇక నగరం. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర ఓ.ఎన్.జి.సి. బావి పేలి 65 రోజులు మండింది. రాత్రులు అమలాపురంలో డాబా ఎక్కితే పడమటి ఆకాశం ఎర్రగా కనిపించేది. నేల కింద నిధి ఉందని తెలిసిన ప్రాంతం అది. ఆ గ్యాసును తాటిపాక నుంచి కృష్ణా జిల్లా వైపు తీసుకుపోయే 18 అంగుళాల గొట్టం 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో పగిలింది. ఇరవై మందికి పైగా పోయారు. నిద్రలో ఉన్నవారు, కొట్లు తెరుస్తున్నవారు. కొబ్బరి చెట్లు నిలువునా మాడి నల్లటి కర్రలయ్యాయి. గ్యాసుతో పాటు నీరు, ఇతర ద్రవాలు పారి గొట్టం లోపల తుప్పు పట్టిందని ప్రభుత్వ విచారణలో తేలింది.

గొట్టం వేయడానికి 1962 నాటి చట్టం ఒకటుంది. దాని కింద భూమిని కొనరు. భూమి రైతుదే, అడుగున గొట్టం వేసుకునే వాడుక హక్కు మాత్రం తీసుకుంటారు. పరిహారం మార్కెట్ విలువలో పది శాతం. ఆ పట్టీ మీద ఇల్లు కట్టరాదు, నుయ్యి తవ్వరాదు, చెట్టు నాటరాదు. కొబ్బరి తప్ప వేరే ఎరగని నేల మీద చెట్టు నాటరాదు! ఈ హక్కు గెజిట్ ప్రకటన ద్వారా వస్తుంది. అది అమ్మకం గాని తనఖా గాని కాదు కనుక మామూలుగా ఈసీలో కనపడదు. తరువాత కొన్నవాడికి ఆ పట్టీ సంగతి తెలిసేది పొలం గట్టున పాతిన గుర్తు బోర్డు చూస్తేనే. దస్తావేజులో నాలుగు హద్దులు రాయిస్తాం, అయిదో హద్దు అడుగున ఉంటుందని ఎవరికీ తట్టలేదు. నగరంలో మంటలు పట్టీ దగ్గర ఆగలేదు, ఎవరి హద్దులూ చూడలేదు. నేను రిటైరయి అప్పటికి ఆరేళ్లు. టీవీలో ఆ ఊరి ఇళ్లు చూస్తూ, ఈ తాలూకాల దస్తావేజులు ఎన్ని చదివానా, ఎన్నింట్లో గొట్టం మాట ఉందా అని గుర్తు చేసుకోబోయాను. ఒక్కటీ గుర్తు రాలేదు.

2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా 22 మండలాలతో జిల్లా ఏర్పడింది, తర్వాత డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అయింది. కలెక్టరు వస్తే కార్యాలయాలు వస్తాయి, ఉద్యోగులు వస్తారు, ఇళ్లు కావాలి. న్యాయమే. మా తరం కోరుకున్నదే. పల్లపు చేలల్లో మళ్లీ లారీలు మట్టి పోస్తున్నాయి.

హైదరాబాదులో ఉన్న మా పెద్దబ్బాయి, "నాన్నగారూ, ఇంతకన్నా మంచి రేటు మళ్లీ రాదు, ఇల్లు అమ్మేసి మా దగ్గరికి వచ్చేయండి" అని ఏడాదిగా పోరుతున్నాడు. మొన్న కార్తీక మాసంలో బ్రోకరు ఒక జంటను తీసుకొచ్చాడు. అబ్బాయి టీచరు, అమ్మాయి కడుపుతో ఉంది. ఎండాకాలంలో లాగా వీధి పొడిగా, ముచ్చటగా ఉంది ఆ రోజు. ఇల్లంతా చూసి వంటింట్లో ఆ అమ్మాయి, "ఈ గీతలేంటండి బాబాయిగారూ?" అని అడిగింది. పిల్లల ఎత్తు కొలిచారా అంది. బ్రోకరు నా వంక చూశాడు.

నేను బీరువా తీసి 1961 దస్తావేజు నకలు తెచ్చి ఆ అబ్బాయి చేతిలో పెట్టాను. ఆ నకలు నేను రిటైరైన ఏడాది రుసుము కట్టి తీయించుకున్నదే. దక్షిణం హద్దు చదవమన్నాను. చదివాడు. తరువాత 1987ది చదవమన్నాను. అడుగున పొట్టి సంతకం ఎవరిదో చెప్పాను. బ్రోకరు బయటికి వెళ్లి బీడీ ముట్టించుకున్నాడు. "మరి ధర తగ్గిస్తారా అండి?" అన్నాడు ఆ అబ్బాయి చాలాసేపటికి. ఎంతకి తగ్గిస్తే ఆ కోడు మళ్లీ కోడవుతుందో నాకు లెక్క రాలేదు. ఆలోచించి చెబుతానన్నాను. "ఆయ్, మేమూ ఆలోచించుకుని ఫోను చేస్తామండి" అని, రెండు నకళ్లూ జాగ్రత్తగా మడిచి తీసుకువెళ్లారు.

మా అబ్బాయికి ఇంకా చెప్పలేదు. ఈ సంచిక వాడికి పోస్టులో పంపుతాను.